ఒక్క గ్రీకు మాట వెనక మూడు వందల ఏళ్ల తగువు

తెలుగు క్రైస్తవుల్లో త్రిత్వం మీద వాదం ఎప్పుడు లేచినా మూడు గొంతులు వినిపిస్తాయి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వ్యక్తులు, దేవుడు మాత్రం ఒక్కడే అనేది మొదటిది. ముగ్గురు లేనే లేరు, ఆ దేవుడే యేసుగా వచ్చాడు, యేసు నామంలోనే బాప్తిస్మం ఇవ్వాలి అనేది రెండోది. యేసు గొప్పవాడే గానీ దేవుడు చేసిన తొలి సృష్టి అనే యెహోవాసాక్షుల మాట మూడోది. అందరూ వచనాలు చూపించే మాట్లాడతారు, అందరూ ఎదుటివాళ్లది దుర్బోధ అంటారు. ఈ మూడింటిలో ఏదీ నిన్న మొన్న పుట్టింది కాదు. మూడు, నాలుగు శతాబ్దాల్లో రోములో, అంతియొకయలో, అలెక్సాంద్రియలో దాదాపు ఇవే వాదాలు గ్రీకులో నడిచాయి. ఆరాధనల్లో ఇప్పటికీ చదివే నైసియా విశ్వాస ప్రమాణం ఆ తగువులో గెలిచిన పక్షం రాసుకున్న తీర్పు. ఆ సభ జరిగి 2025తో 1700 ఏళ్లు నిండాయి.

మొదట అందరిదీ ఒకే స్వచ్ఛమైన బోధ, తర్వాత ఎవరెవరో వచ్చి చెడగొట్టారు అన్న బొమ్మ చాలామంది మనసుల్లో ఉంది. నాలుగో శతాబ్దంలో సంఘ చరిత్ర రాసిన కైసరయ బిషప్పు యూసేబియస్ గీసిన బొమ్మ అది. పాత పత్రాలు చూస్తే అలా కనిపించదు. మనకు దొరికే తొలి క్రైస్తవ రాతలు పౌలు ఉత్తరాలు; వాటిలో ముందుదిగా ఎక్కువమంది పండితులు చెప్పే మొదటి థెస్సలొనీకయ క్రీ.శ. 50 ప్రాంతానిది. సువార్తల్లో ముందుదైన మార్కు వచ్చింది 70 ప్రాంతంలో. ఆ ఉత్తరాల్లోనే చిక్కంతా ఉంది. ‘మన దేవుడైన యెహోవా అద్వితీయుడు’ అని పొద్దునా సాయంత్రమూ చెప్పుకునే యూదులు, మరోపక్క యేసును ‘ప్రభువు’ అంటున్నారు, ఆయన పేరున ప్రార్థిస్తున్నారు. దేవుడు ఒక్కడే అయితే ఈయన ఎవరు? తర్వాత వచ్చిన ప్రతి సిద్ధాంతమూ ఈ రెండింటినీ ఒక ఒరలో ఇమడ్చడానికి చేసిన ప్రయత్నమే.

విచిత్రం ఏమిటంటే తొలి పోట్లాట దీని మీద కాదు, భోజనం దగ్గర వచ్చింది. యూదులు కానివాళ్లు సంఘంలో చేరాలంటే సున్నతి చేయించుకోవాలా, వాళ్లతో కలిసి ఒకే బల్ల దగ్గర తినొచ్చా అన్నది ప్రశ్న. యేసు సోదరుడు యాకోబు దగ్గరనుంచి మనుషులు రాగానే పేతురు అన్యజనులతో తినడం మానుకున్నాడనీ, అంతియొకయలో అతన్ని అందరి ముందూ నిలదీశాననీ పౌలే గలతీయులకు రాశాడు. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేశాక యాకోబు వైపు బలం తగ్గింది. ధర్మశాస్త్రం విడవకుండా, పౌలును ఒప్పుకోకుండా, యేసును దేవుడు ఎన్నుకున్న మనిషిగా చూసిన ఎబియోనీయులు ఆ తర్వాత చాలాకాలం సిరియా, పాలస్తీనా వైపు మిగిలారు. యేసు మొదటి అనుచరులకు భాషలోనూ ఆచారంలోనూ దగ్గరివాళ్లు వీళ్లే. చివరికి దుర్బోధకుల జాబితాకెక్కిందీ వీళ్లే.

దీనికి సరిగ్గా ఎదురుకొసన నిలిచినవాడు మార్సియన్. నల్లసముద్రం ఒడ్డున సినోపె ఊరివాడు, ఓడల యజమాని. 140 ప్రాంతంలో రోము వచ్చి అక్కడి సంఘానికి 2,00,000 సెస్టర్సులు కానుక ఇచ్చాడు. సైనికుడి ఏడాది జీతం 1,200 సెస్టర్సులు ఉన్న రోజులవి. పాత నిబంధనలో యుద్ధాలు చేయించి, శిక్షించే దేవుడు వేరు, యేసు చెప్పిన ప్రేమగల తండ్రి వేరు అన్నది అతని బోధ. 144లో సంఘం అతన్ని వెలివేసి, డబ్బు తిరిగి ఇచ్చేసింది. అతను ఊరుకోలేదు. పాత నిబంధన మొత్తం పక్కన పెట్టి, యూదు వాసన తగిలే భాగాలు కత్తిరించిన లూకా సువార్త ఒకటీ, పౌలు ఉత్తరాలు పదీ కలిపి తన లేఖనాల జాబితా కట్టాడు. క్రైస్తవుల్లో ఇవే లేఖనాలు, ఇంతకుమించి లేవు అని గీత గీసిన తొలి మనిషి, తెలిసినంతలో, ఇతనే. మరి మీ జాబితా ఏది అన్న ప్రశ్న అక్కణ్నుంచి మిగతావాళ్లను వెంటాడింది. ఇప్పుడున్న 27 పుస్తకాలూ సరిగ్గా అవే పేర్లతో కనిపించేది 367లో అలెక్సాంద్రియ బిషప్పు అతనేసియస్ రాసిన ఈస్టర్ లేఖలో.

అదే రోములో, అదే కాలంలో వాలెంటైనస్ అనే ఈజిప్టు పండితుడు ఇంకో దారి పట్టాడు. అందనంత ఎత్తున పరమతండ్రి. ఆయన నుంచి జంటలు జంటలుగా వెలువడిన 30 దివ్యతత్త్వాలు. వాటిలో చివరిదైన సోఫియా, అంటే జ్ఞానం, హద్దు మీరడం వల్ల జరిగిన పతనం. ఆ పతనం నుంచి పుట్టిన అజ్ఞాని అయిన శిల్పి చేసిందే ఈ లోకం. లోకంలో ఇంత చెడు ఎందుకుందన్న ప్రశ్నకు అదొక జవాబు, ఆకర్షణా అక్కడే. ఈ జ్ఞానవాదుల గురించి చాలాకాలం ప్రత్యర్థుల రాతల ద్వారానే తెలిసేది. 1945లో ఎగువ ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర కొప్టిక్ భాషలోని 13 రాతప్రతుల కట్టలు బయటపడ్డాక, యాభైకి పైగా రచనల్లో వాళ్ల మాట వాళ్ల నోటనే వినే వీలు చిక్కింది. ప్రత్యర్థులు కొంత వెటకారం కలిపినా, పూర్తిగా కట్టుకథలు చెప్పలేదని కూడా అప్పుడే తేలింది.

వీళ్లకు గట్టిగా బదులిచ్చినవాడు లియోన్ బిషప్పు ఐరేనియస్, 180 ప్రాంతంలో. అపొస్తలులకు రహస్య బోధ అంటూ ఉంటే అది తాము సంఘాలు అప్పగించిన బిషప్పులకే చెప్పి ఉండేవారు కదా అన్నది అతని వాదం. అందుకే బిషప్పుల వరుసను పేర్లతో సహా ఏకరువు పెట్టాడు. సువార్తలు నాలుగే ఎందుకుండాలంటే దిక్కులు నాలుగు, ప్రధాన వాయువులు నాలుగు కాబట్టి అనీ అన్నాడు. మొదటి వాదానికున్న బరువు దీనికి లేదు.

బయటి హద్దులు ఇలా తేలాక తగువు ఇంటిలోపలికి వచ్చింది. దేవుడు ఒక్కడే అన్నది కాపాడాలి. దానికి రెండు దగ్గరి దారులు కనిపించాయి. యేసు మనిషే, దేవుని శక్తి ఆయన మీదికి దిగింది అన్నది ఒకటి. బైజాంటియం నుంచి రోము వచ్చిన తోలుపనివాడు థియోడోటస్ చెప్పింది ఇదే, 190 ప్రాంతంలో అతన్ని వెలివేశారు. తండ్రే కుమారుడుగా కనిపించాడు, పేర్లే వేరు అన్నది రెండోది. సబెల్లియస్ పేరుతో నిలిచిపోయిన ఈ బోధ మొదట్లో రోములో చాలామందికి నచ్చింది. కార్తేజ్ న్యాయవాద రచయిత టెర్టులియన్ దాని గొంతు పట్టుకున్నాడు: అలాగైతే సిలువ మీద చచ్చింది తండ్రా? ఒకే సత్త్వం, ముగ్గురు వ్యక్తులు అన్న లాటిన్ సూత్రమూ, త్రిత్వం అన్న లాటిన్ మాటా అతని చలవే. ఈ మాటలున్న పుస్తకం రాసేనాటికి అతను మొంటానస్ ప్రవచన ఉద్యమం వైపు వెళ్లిపోయాడు. దాన్ని తర్వాత సంఘం దుర్బోధగా తోసేసింది, అతని మాటల్ని మాత్రం ఉంచుకుంది.

ఇక్కడ 268 నాటి అంతియొకయ సభను గుర్తుపెట్టుకోవాలి. సమొసాట పౌలు అనే బిషప్పును ఆ సభ తొలగించింది. అతను వాడిన ‘హోమోఊసియొస్’ అనే మాటను కూడా తప్పుపట్టింది. ‘హోమో’ అంటే అదే, ‘ఊసియ’ అంటే సత్త్వం, ఉనికి. యాభై ఏడేళ్ల తర్వాత అదే మాట సత్యబోధకు కొలబద్ద అయింది.

ఏరియస్ అలెక్సాంద్రియలో బౌకలిస్ పేట సంఘానికి పెద్ద. నిష్ఠాపరుడు, మంచి వక్త. 318 ప్రాంతంలో తన బిషప్పు అలెగ్జాండర్‌తో తగువు పడ్డాడు. అతని తర్కం సూటిగా ఉంటుంది. ఆది లేనివాడు, పుట్టనివాడు ఒక్కడే దేవుడు. కుమారుడు పుట్టినవాడు. పుట్టినదానికి ఆరంభం ఉంటుంది. కాబట్టి కుమారుడు లేని ‘ఒకప్పుడు’ ఉంది. ‘కాలం’ అన్న మాట ఇక్కడ కావాలనే వాడలేదు. కాలం కూడా కుమారుని ద్వారానే కలిగిందని అతనూ నమ్మాడు. ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అన్న యోహాను 14:28, ‘సర్వసృష్టికి ఆదిసంభూతుడు’ అన్న కొలొస్సయ 1:15 అతని చేతిలో ఉన్నాయి. అలెగ్జాండర్ జవాబూ సూటిదే: కుమారుడు లేని క్షణం ఉంటే ఆ క్షణంలో తండ్రి తండ్రే కాడు, అంటే దేవుడు మారాడన్నమాట. ఏరియస్ తన బోధను పద్యాల్లో కట్టాడు. ఓడవాళ్లు, తిరగలి విసిరేవాళ్లు పాడుకునేలా పాటలు రాశాడనీ చెబుతారు. పాటకెక్కిన బోధను వెలివేత ఉత్తర్వుతో ఆపడం కష్టం.

324లో సామ్రాజ్యమంతా తన చేతికి వచ్చేసరికి రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్‌కు ఈ రచ్చ ఎదురైంది. అల్పమైన మాటల కోసం కొట్టుకోవద్దని ఇద్దరికీ ఉత్తరం రాశాడు. పని జరగలేదు. 325 వేసవిలో నైసియాకు, ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్‌కు, బిషప్పుల్ని సర్కారు ప్రయాణ ఏర్పాట్లతో రప్పించాడు. సంప్రదాయం 318 మంది అంటుంది. అబ్రాహాము సేవకుల లెక్క అది, ఆదికాండం 14:14. నిజానికి 250 నుంచి 300 మధ్య ఉంటారు. లాటిన్ పశ్చిమం నుంచి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కించేంతమందే. రోము బిషప్పు తాను రాక ఇద్దరు పెద్దల్ని పంపాడు.

లోపల ఏం జరిగిందో, బైబిల్లో లేని మాట ఎందుకు అవసరమైందో అతనేసియస్ తర్వాత రాశాడు. కుమారుడు ‘దేవుని నుంచి’ వచ్చినవాడని రాద్దాం అన్నారు. ఏరియస్ పక్షం ఒప్పేసుకుంది. సమస్తమూ దేవుని నుంచే కదా. ‘దేవుని శక్తి’ అందాం అన్నారు. మిడతల దండును కూడా లేఖనం దేవుని శక్తి అంటుంది కదా అని వాళ్లలో వాళ్లు కన్నుగీటుకున్నారట. ‘దేవుని పోలిక’ అందామంటే మనిషీ దేవుని పోలికే. వాళ్లు ఎలాగూ మింగలేని మాట ఒక్కటే మిగిలింది: హోమోఊసియొస్, తండ్రితో ఏకసత్త్వం గలవాడు. దానికి ముందు, పుట్టినవాడే గానీ చేయబడినవాడు కాడు అన్న వాక్యం చేర్చారు. ఏరియస్ కలిపి చూసిన పుట్టడం, చేయబడటం అనే రెండింటినీ అక్కడ విడగొట్టారు. చివరిదాకా సంతకం పెట్టని బిషప్పులు ఇద్దరే, ఇద్దరూ లిబియావాళ్లు. వాళ్లనూ ఏరియస్‌నూ ప్రవాసానికి పంపారు.

ఆ సభ బైబిలు పుస్తకాల మీద ఓటు వేయలేదు. అక్కడ చర్చించినవి ఈస్టర్ తేదీ, ఈజిప్టులోని మెలెషియస్ చీలిక, ఇంకా 20 నియమాలు. పాదిరీలు వడ్డీకి డబ్బు తిప్పకూడదన్నది వాటిలో ఒకటి. యేసును తొలిసారి దేవుణ్ని చేసిందీ ఆ సభ కాదు. నైసియా ఉన్న బితూనియ ప్రాంతాన్ని పాలించిన రోమన్ అధికారి ప్లినీ 112 ప్రాంతంలోనే చక్రవర్తికి రాశాడు: వీళ్లు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిలా తలచి పాడతారని.

సంతకాలతో తగువు తీరలేదు, అసలు తగువు అప్పుడే మొదలైంది. హోమోఊసియొస్ అంటే సబెల్లియస్ మాటే ఇంకో వేషంలో వచ్చిందని తూర్పు బిషప్పుల అనుమానం. పైగా నైసియా ప్రమాణం చివర, ఒప్పుకోనివాళ్లను వెలివేసే శాపవాక్యంలో ‘ఊసియ’, ‘హైపోస్టాసిస్’ అనే రెండు మాటలూ ఒకే అర్థంలో పడ్డాయి. వ్యక్తులన్న అర్థంలో తూర్పువాళ్లు ముగ్గురు హైపోస్టాసిస్‌లు అంటే లాటిన్‌వాళ్ల చెవికి అది ‘సుబ్‌స్టాన్షియ’, అంటే మూడు సత్త్వాలు, ముగ్గురు దేవుళ్లు. లాటిన్‌వాళ్లు ఒకటే అంటే తూర్పువాళ్లకు సబెల్లియస్ వినిపించేవాడు. ఒకే నమ్మకం ఉన్నవాళ్లు కూడా అనువాదంలో తప్పిపోయి ఒకరినొకరు వెలివేసుకున్నారు.

రాజుగారి గాలి మారింది కూడా. కాన్‌స్టంటైన్ ఏరియస్‌ను వెనక్కి పిలిపించాడు, 335లో అతనేసియస్‌ను జర్మన్ సరిహద్దు దగ్గరి ట్రియర్‌కు పంపాడు. 337లో మరణశయ్య మీద బాప్తిస్మం పుచ్చుకున్నది ఏరియస్‌ను మొదట్నుంచీ కాపాడిన నికొమీదియ యూసేబియస్ చేతనే. కొడుకు కాన్‌స్టంటియస్ ‘సత్త్వం’ అన్న మాటే వద్దన్న వాళ్లను దగ్గరికి తీశాడు. 359లో ఇటలీలోని అరిమినంలో నాలుగు వందలకు పైగా బిషప్పుల్ని నెలల తరబడి ఇళ్లకు పోనివ్వక, కుమారుడు తండ్రిని ‘పోలినవాడు’ అని మాత్రమే చెప్పే పత్రం మీద సంతకాలు రాబట్టారు. మధ్యలో ‘హోమోయిఊసియొస్’, సత్త్వంలో పోలినవాడు, అన్న పక్షం పుట్టింది. మాటల మధ్య తేడా గ్రీకులో ఒక్క అయోటా, అంటే ఒక్క ‘ఇ’ అక్షరం. అసలు పోలికే లేదన్న యూనోమియస్ పక్షం ఇంకో కొసన ఉంది. అతనేసియస్ ఐదుసార్లు, మొత్తం పదిహేడేళ్ల దాకా, ప్రవాసంలో గడిపాడు.

ముడి విప్పింది ముందు పదకోశం. 362లో అతనేసియస్ అలెక్సాంద్రియలో సభ పెట్టి, మూడు హైపోస్టాసిస్‌లు అనేవాళ్లనూ ఒకటి అనేవాళ్లనూ మీ ఉద్దేశం ఏమిటని విడివిడిగా అడిగాడు. ఇద్దరి జవాబూ ఒకటేనని తేలింది. కప్పదొకియకు చెందిన బాసిల్, అతని తమ్ముడు నిస్సా గ్రెగొరీ, మిత్రుడు నజియాన్‌జస్ గ్రెగొరీ దాన్ని స్థిరపరిచారు: ఊసియ ఒకటి, హైపోస్టాసిస్‌లు మూడు. రెండోది రాజాజ్ఞ. 380లో థియోడోసియస్ చక్రవర్తి నైసియా విశ్వాసాన్ని ప్రజలందరికీ విధించాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో 150 మంది బిషప్పులు కూడారు. ఇవాళ చర్చిల్లో చదివేది 325 పాఠం కాదు, పరిశుద్ధాత్మ గురించిన వాక్యాలు పెరిగి శాపవాక్యం పోయిన ఈ 381 పాఠం. పదకోశం, రాజాజ్ఞ, ఈ రెండింటిలో దేన్ని తీసేసినా గెలుపు వచ్చేది కాదనే అనిపిస్తుంది. ఆజ్ఞ లేకుండా తర్కం, తర్కం లేకుండా ఆజ్ఞ అంతకుముందు యాభై ఏళ్లూ ఓడిపోతూనే వచ్చాయి. సరిహద్దుల ఆవల గోతులు అనే జర్మానిక్ జాతివాళ్లు మాత్రం తమ బిషప్పు ఉల్ఫిలా ఇచ్చిన ఏరియన్ విశ్వాసాన్నే పట్టుకున్నారు. స్పెయిన్‌లో గోతుల రాజ్యం దాన్ని అధికారికంగా విడిచింది 589లో.

కుమారుడు దేవుడే అని తేలాక ఆయనలో మనిషి ఎంత, దేవుడు ఎంత అన్న ప్రశ్న లేచింది. అది 431లో ఎఫెసులో, 451లో కాల్సెడాన్‌లో సంఘాన్ని మళ్లీ చీల్చింది. ఆ చీలికల వారసులు ఇద్దరూ, తూర్పు సిరియా సంప్రదాయమూ పశ్చిమ సిరియా సంప్రదాయమూ, కేరళలో ఇప్పటికీ ఉన్నారు.

తెలుగు వాదాల్లో ఎక్కువగా నలిగే వచనాల్లో ఒకటి సామెతలు 8:22, జ్ఞానం తన గురించి చెప్పుకునే మాట. ఆ జ్ఞానం క్రీస్తేనని ఏరియస్, అతనేసియస్ ఇద్దరూ ఒప్పుకున్నారు. హీబ్రూ మూలంలోని క్రియకు సంపాదించడం, కలిగి ఉండటం, కలిగించడం అనే అర్థాలన్నీ ఉన్నాయి. గ్రీకు అనువాదం ‘సృష్టించెను’ అంది, ఏరియస్ పక్షానికి అదే ఆయుధమైంది. ఇది కుమారుడు ధరించిన మానవ శరీరం గురించిన మాట అని నిరూపించడానికి అతనేసియస్ పేజీలకు పేజీలు ఖర్చు పెట్టాడు. తర్వాత లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ హీబ్రూ దగ్గరికి వెళ్లి ‘కలిగి ఉండెను’ అని రాశాడు. మన పాత తెలుగు బైబిల్లో ఉన్నది ‘కలుగజేసెను’.