ఒక్క రోజు సమావేశం, పాతికేళ్ల తగవు: ఇంగ్లిష్ బైబిళ్ల వెనక కథ

ఆదికాండము 3:16 మళ్లీ మారింది. ఏదెనులో దేవుడు హవ్వతో పలికిన మాట అది. ఇంగ్లిష్ స్టాండర్డ్ వర్షన్‌లో, అంటే ఈఎస్‌వీలో, 2016 నుంచి అక్కడ ‘కాంట్రరీ టు యువర్ హజ్బెండ్’ అని ఉండేది. స్త్రీ కోరిక భర్తకు ఎదురు తిరుగుతుందని భావం. 2025లో ప్రచురణకర్త క్రాస్‌వే దాన్ని తీసేసి పాత ‘ఫర్’నే తిరిగి పెట్టింది. మూడక్షరాల ఆ మాటతో, సంఘానికి ఏ బైబిల్ వాడాలి, పిల్లలకు ఏది కొనివ్వాలి అన్న పాత తగవు మళ్లీ రాజుకుంది. పెద్దలు తెలుగు బైబిల్, పిల్లలు ఇంగ్లిష్ బైబిల్ పట్టుకుని పక్కపక్కన కూర్చునే ఇళ్లలోనూ ఈ ప్రశ్న వస్తుంది.

చిత్రమేమంటే మన పాత తెలుగు బైబిల్‌కు ఈ చిక్కే లేదు. ‘నీ భర్తయెడల నీకు వాంఛ కలుగును’ అని ఊరుకుంది. హెబ్రీలో అక్కడున్నది ‘ఎల్’ అనే చిన్న మాట. మామూలు అర్థం ‘వైపు’. ‘యెడల’ దానికి అతికినట్టు సరిపోయింది.

1611 నాటి కింగ్ జేమ్స్ సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. 1952 నాటి రివైజ్డ్ స్టాండర్డ్ వర్షన్‌ను మాత్రం ఒకసారి గుర్తు చేసుకోవాలి. క్రైస్తవులు యేసు జననం గురించిన ప్రవచనంగా చదివే యెషయా 7:14లో ‘కన్య’ ఉన్నచోట ‘యువతి’ అని వేసినందుకు నార్త్ కరొలినాలో ఒక పాస్టర్ ఆ పేజీని జనం చూస్తుండగా కాల్చాడు. ఈ బూడిద గుర్తుంచుకోండి.

అసలు మలుపు 1997 మే 27. అప్పటికి న్యూ ఇంటర్నేషనల్ వర్షన్, ఎన్ఐవీ, అమ్మకాల్లో కింగ్ జేమ్స్‌నే దాటేసింది. స్త్రీ పురుషులిద్దరినీ ఉద్దేశించిన చోట ‘మ్యాన్’, ‘హి’ తగ్గించిన ఎన్ఐవీ బ్రిటన్‌లో అప్పటికే వచ్చేసింది. అమెరికాకూ అదే రాబోతోందని ‘వరల్డ్’ పత్రిక ఆ మార్చిలో ‘స్టెల్త్ బైబిల్’ పేరుతో కథనం వేసింది. రాడార్‌కు చిక్కకుండా వచ్చి బాంబు వేసే విమానం లాంటిదన్నమాట. గగ్గోలు మొదలైంది. రెండు నెలలు తిరిగేసరికి కొలరాడో స్ప్రింగ్స్‌లో, ఫోకస్ ఆన్ ద ఫ్యామిలీ అనే క్రైస్తవ సంస్థ ఆఫీసులో, సుమారు డజను మంది కూర్చున్నారు. పిలిచింది ఆ సంస్థ స్థాపకుడు జేమ్స్ డాబ్సన్. ఆయన మనస్తత్వవేత్త, రేడియోలో పేరున్న మనిషి; హెబ్రీ గ్రీకు పండితుడు కాడు. వేదాంత పండితుడు వేన్ గ్రూడెమ్, ఎన్ఐవీ అనువాద సంఘం తరఫున కెన్ బార్కర్, హక్కులున్న ఇంటర్నేషనల్ బైబిల్ సొసైటీ, అచ్చువేసే జోండర్వాన్ ప్రతినిధులు వచ్చారు. సవరణ ఆలోచన మానుకున్నామని సొసైటీ ప్రకటించేసింది. లింగవాచకాలను ఎలా అనువదించాలో నియమాలు కూడా ఆ రోజే రాసుకున్నారు.

ఒక్క నియమం చాలు, తొందర ఎంతో తెలుస్తుంది. గ్రీకు ‘అడెల్ఫోయ్’ని ‘బ్రదర్స్ అండ్ సిస్టర్స్’ అని మార్చకూడదన్నారు. తెలుగులో ‘అన్నదమ్ములు’ అంటే అక్కచెల్లెళ్లు అందులోకి రారు. గ్రీకులో ఆ మాట మన ‘తోబుట్టువులు’ లాంటిది, అందరినీ కలుపుకుంటుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం మొదటి వచనంలో పౌలు ‘సహోదరులారా’ అంటాడు. రెండో వచనంలోనే యువొదియను, సుంటుకేను పేరు పెట్టి బతిమాలుకుంటాడు. ఇద్దరూ ఆడవాళ్లే. భాషాపండితులు ఇలాంటివి ఎత్తిచూపాక సెప్టెంబరులో ఆ నియమాన్నే సవరించుకున్నారు: సందర్భం బట్టి బహువచనంలో ‘బ్రదర్స్ అండ్ సిస్టర్స్’ అనవచ్చని. నాలుగు నెలలు కూడా నిలవని నియమం. ఈలోగా ఫోకస్ సంస్థ తన పేరు మీద అమ్ముతున్న పిల్లల బైబిల్లోనే ఇలాంటి భాష ఉందని బయటపడి, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

నియమాలు పెట్టినవాళ్ల వైపు వాదన అసలే లేదని కాదు. కీర్తన 34:20లో ‘ఆయన వాని యెముకలన్నిటిని కాపాడును’ అన్న ఏకవచనాన్ని ‘వారి’ అని మారిస్తే, యోహాను తన సువార్తలో దాన్ని క్రీస్తుకు అన్వయించిన తీగ తెగిపోతుందన్నారు. అది నిజంగా నష్టమే.

ఆ సమావేశం వేడిలోంచే ఈఎస్‌వీ పుట్టింది. 2001లో అచ్చయింది. పునాది ఏదనుకున్నారు? 1952లో పేజీ కాలిన ఆ రివైజ్డ్ స్టాండర్డ్ వర్షనే. దాని 1971 పాఠం హక్కులు కొనుక్కుని, యెషయాలో ‘కన్య’ను తిరిగి నిలబెట్టి, కొంచెం చెక్కి కొత్త పేరు పెట్టారు. అనువాద పర్యవేక్షణ సంఘంలో గ్రూడెమ్ ఉన్నారు.

ఎన్ఐవీ పక్షం 2002లో కొలరాడో నియమాల నుంచి తప్పుకుని టీఎన్ఐవీ అనే సవరించిన ప్రతి తెచ్చింది. దుకాణాలు ముఖం తిప్పుకున్నాయి. 2009లో దాన్ని ఆపేస్తున్నామని, తప్పటడుగులు పడ్డాయని ఒప్పుకుని మళ్లీ పనిలో కూర్చున్నారు. ఈసారి జనం నిజంగా ఎలా మాట్లాడుతున్నారో చూడటానికి కాలిన్స్ నిఘంటువుల వాళ్ల 440 కోట్ల పదాల భాషా భాండాగారాన్ని జల్లెడ పట్టించారు. కీర్తన 1:1లో పాత ‘మ్యాన్’ పోయి ‘వన్’ వచ్చింది. 2011 ఎన్ఐవీ అదే. అమెరికాలోని పెద్ద ప్రొటెస్టెంట్ శాఖ సదరన్ బాప్టిస్టులు ఆ ఏడాదే దానికి వ్యతిరేకంగా తీర్మానం చేశారు. కానీ వాళ్ల సొంత దుకాణాలు లైఫ్‌వే అమ్మకం ఆపలేదు.

ఇక 2016. 52 మాటలు మార్చి, ఇకపై ఈఎస్‌వీ పాఠం శాశ్వతం, ఎప్పటికీ ముట్టుకోమని క్రాస్‌వే ప్రకటించింది. ఆ మార్పుల్లోదే ‘కాంట్రరీ’. దీని వేరు 1975లో సూసన్ ఫో అనే పండితురాలు రాసిన వ్యాసంలో ఉంది. ఆదికాండము 4:7లో పాపం కయీనును వశం చేసుకోజూసినట్టే, భార్య భర్తను వశం చేసుకోవాలనుకుంటుందని ఆమె వాదన. సంఘంలో స్త్రీవాదం చర్చ నడుస్తున్న రోజులవి. అది ఒక వ్యాఖ్యానం. ఫుట్‌నోట్‌లో ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. వచనంలోకే ఎక్కించి, పైగా తాళం వేస్తామన్నారు. నెల తిరగ్గానే శాశ్వతం మాట తప్పేనని క్షమాపణ చెప్పారు. ‘కాంట్రరీ’ని మాత్రం ఉంచారు. అది వెళ్లడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది.

ఈ మధ్యలో ఈఎస్‌వీ అమెరికా ప్రొటెస్టెంట్ గడప దాటింది. 2018లో భారత కాథలిక్ బిషప్పుల అనుమతితో, 2016 పాఠం మీదే, బెంగళూరులో కాథలిక్ ప్రతి వెలువడింది. 2020 నుంచి మన దేశంలోని ఇంగ్లిష్ పూజల్లో చదివే పాఠాలు దాని నుంచే. సికింద్రాబాద్‌లో ఇంగ్లిష్ పూజకు వెళ్లేవాళ్లు వింటున్నది అదే. ఇంగ్లండ్, వేల్స్ కాథలిక్కులకూ 2024 డిసెంబరు నుంచి అదే. అయితే ఆదివారం పూజలో హవ్వ కథ వచ్చినప్పుడు 15వ వచనం దగ్గర ఆగిపోతుంది. 16వది వినాలంటే బేసి సంవత్సరంలో, చర్చి క్యాలెండరు ‘సాధారణ కాలం’ అనే రోజుల్లో ఐదో వారం శనివారం పొద్దున పూజకు వెళ్లాలి.