‘తీసుకోలేదు’ అన్న మాటలో అబద్ధాన్ని వెతకడం: ఒక నేపథ్యం

లంచం ఆరోపణ వచ్చిన అధికారి విలేఖరుల ముందు నిలబడి “నేను ఆ డబ్బు తీసుకోలేదు” అనవచ్చు. “ముప్పై ఏళ్ల సర్వీసులో నా మీద ఒక్క మచ్చ లేదు, నేను అలాంటి మనిషిని కాను” అని కూడా అనవచ్చు. వినడానికి రెండూ ఖండనలే. రెండో మాటలో మాత్రం డబ్బు ప్రస్తావన ఎక్కడా లేదు. ఈ తేడాను పట్టుకుని మనిషి అబద్ధమాడుతున్నాడని తేల్చేసేవాళ్లు ఇప్పుడు టీవీ చర్చల్లోనూ యూట్యూబ్‌లోనూ పెరిగారు. ఉదయం ఖండన వెలువడితే సాయంత్రానికి తీర్పు వచ్చేస్తోంది. ఒక మనిషి పరువు, ఒక్కోసారి స్వేచ్ఛ కూడా, ఈ విద్య మీద ఆధారపడుతున్నప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం అవసరం.

ఈ వెతుకులాట చాలా పాతది. ప్రాచీన ధర్మశాస్త్రమైన యాజ్ఞవల్క్య స్మృతిలో, న్యాయవిచారణ గురించి చెప్పే వ్యవహారాధ్యాయంలో అనుమానించదగిన మనిషి లక్షణాలు వరుసగా ఉన్నాయి. ఒకచోట నిలవలేడు, పెదవుల మూలలు నాకుతాడు, నుదుటికి చెమట పడుతుంది, ముఖం రంగు మారుతుంది, నోరెండి మాట తడబడుతుంది, పొంతన లేకుండా ఎక్కువగా మాట్లాడతాడు. ఫిర్యాదులోగానీ సాక్ష్యంలోగానీ ఇలా సహజస్థితి తప్పినవాడు దుష్టుడని మూలశ్లోకం తేల్చేసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న మన సామెత కూడా ఇదే నమ్మకం మీద నిలబడింది.

కల్యాణి చాళుక్యుల కాలంలో ఈ స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు మాత్రం ఇక్కడ ఆగాడు. ఈ లక్షణాలు దోషం ఉండవచ్చన్న అనుమానానికే పనికివస్తాయి, దోషాన్ని నిశ్చయించడానికి పనికిరావు అన్నాడు. ఒక మనిషికి పుట్టుకతో ఉన్న తీరు ఏది, ఆ క్షణంలో ఏదో కారణం వల్ల వచ్చిన మార్పు ఏది అని విడదీయడం కష్టమన్నది ఆయన కారణం. సభకు కొత్తవాడికి, పిరికివాడికి నిర్దోషి అయినా చెమట పడుతుంది కదా. ఎవరో బుద్ధిమంతుడు ఆ తేడా కనిపెట్టగలిగినా సరే, అంతమాత్రాన ఓటమి ప్రకటించకూడదంటూ ఆయన ఇచ్చిన పోలిక నన్ను ఇప్పటికీ వదలదు. చావబోయే లక్షణాలు కనిపించాయని పెద్దలెవరూ మనిషికి ముందుగానే కర్మకాండ జరిపించరు. ఈ మితాక్షరనే పదమూడో శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు.

ప్రతివాది జవాబు గురించి కూడా మితాక్షరలో లోతైన చర్చ ఉంది. అక్కడ ఉటంకించిన ఒక శ్లోకం ఖండనలను నాలుగుగా విడదీస్తుంది: ఇది అబద్ధం, నాకు తెలియదు, ఆ సమయంలో నేను అక్కడ లేను, అప్పటికి నేను పుట్టనే లేదు. మరో శ్లోకం ఏది జవాబు కాదో చెబుతుంది. సందిగ్ధంగా ఉన్నది, అడిగినదానికి సంబంధం లేనిది, మరీ పొట్టిది, మరీ పొడవైనది, ఆరోపణలో ఒక ముక్కకే సరిపోయేది జవాబు కిందకు రాదు. మన అధికారి చెప్పిన ముప్పై ఏళ్ల సర్వీసు ఇందులో ఎక్కడ పడుతుందో పాఠకులే చూడవచ్చు.

ఇలాంటి జవాబులకు ‘ఖండన కాని ఖండన’ అన్న పేరు వాటర్‌గేట్ కుంభకోణం రోజుల్లో అమెరికా పత్రికల్లో స్థిరపడింది. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ పత్రికా కార్యదర్శి రాన్ జీగ్లర్ 1973 ఏప్రిల్ 17న, అంతకుముందు తాము చెప్పినవేవీ ఇక చెల్లవని ప్రకటించాడు. అబద్ధమని ఒప్పుకోకుండా మాటలను వెనక్కి తీసుకోవడం అది. అయితే ఇలాంటి జవాబు చూసి చెప్పగలిగింది ఒక్కటే: అడిగినదానికి సమాధానం రాలేదు. ఎందుకు రాలేదన్నది వేరే ప్రశ్న. లాయరు సలహా కావచ్చు, వేరొకరిని కాపాడటం కావచ్చు, నేరమే కావచ్చు.

మాటల విశ్లేషణ ఆధునిక కోర్టుకు చేరింది జర్మనీలో. 1954లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ముందు ఉడో ఉండాయిచ్ అనే మనస్తత్వవేత్త లైంగిక నేరాల కేసుల్లో పిల్లల వాంగ్మూలాలను ఎలా పరిశీలించవచ్చో వివరించాడు. నిజంగా అనుభవించినదాన్ని చెప్పే తీరుకూ కల్పించినదాన్ని చెప్పే తీరుకూ తేడా ఉంటుందన్నది ఆయన వాదన. తర్వాతివాళ్లు దాన్ని 19 ప్రమాణాలుగా తీర్చిదిద్దారు. చోటు, సమయం వివరాలు, అప్పుడు జరిగిన సంభాషణలు, మధ్యలో ఎదురైన ఆటంకాలు, చెబుతూ చెబుతూ తనను తాను సరిదిద్దుకోవడం, ‘ఇది సరిగా గుర్తులేదు’ అని ఒప్పుకోవడం వంటివి అందులో ఉన్నాయి. 1999లో అదే న్యాయస్థానం నిపుణులకు ఇంకో షరతు పెట్టింది. వాంగ్మూలం నిజం కాదన్న ఊహతో మొదలుపెట్టి, ఆ ఊహ ఇక నిలవదని తేలేదాకా పరీక్షించాలి.

ఆ ప్రమాణాలన్నీ కథనంలో నిజం జాడలను వెతికేవి. కథనం ఆరోపించిన మనిషి దగ్గర ఉంటుంది. ఖండించే నిర్దోషి దగ్గర ఏమి ఉంటుంది? జరగనిదానికి చోటు, సమయం, సంభాషణ ఎక్కడి నుంచి తెస్తాడు? “నేను చేయలేదు” అన్నాక అతనికి చెప్పడానికి ఇంకేమీ మిగలదు. దోషి కూడా ఆ రెండు ముక్కలే పలకగలడు. ఖండనను తూచడంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఇజ్రాయెల్ పోలీసు శాఖలో పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం) పరీక్షకుడిగా పనిచేసిన అవినోవం సపీర్ ‘స్కాన్’ అనే పద్ధతిని రూపొందించి పలు దేశాల దర్యాప్తు అధికారులకు నేర్పాడు. ‘నేను’ ఎక్కడ జారిపోయింది, క్రియల కాలం ఎక్కడ మారింది, సూటి ఖండన ఉందా లేదా అని చూసే పద్ధతి ఇది. వినడానికి నమ్మబుద్ధేస్తుంది. కానీ నహారి, వ్రీజ్, ఫిషర్ 2012లో ప్రచురించిన ప్రయోగంలో నిజం రాసినవాళ్లనూ కల్పించి రాసినవాళ్లనూ అది విడదీయలేకపోయింది. సూటి ఖండన నిజానికి గుర్తు అనుకుంటే సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఏమనాలి? ఏళ్ల తరబడి, 2005లో ప్రమాణం చేసి మరీ, తాను నిషేధిత మందులు వాడలేదని నిక్కచ్చిగా చెప్పాడు. 2013 జనవరిలో ఒప్పుకున్నాడు. 1998 జనవరి 26న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ “ఆ స్త్రీ”తో తనకు లైంగిక సంబంధం లేదంటూ ఇచ్చిన ఖండనా సూటిదే. “ఆ స్త్రీ” అన్న మాటలో అతని అబద్ధం దొరికిందని తర్వాత ఎందరో రాశారు. నిజం బయటపడ్డాక ఆ మాట అలా వినిపించడంలో వింత లేదు.

కంప్యూటర్ వచ్చాక పదాలను లెక్కపెట్టడం మొదలైంది. న్యూమన్, పెన్నెబేకర్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అబద్ధమాడేవాళ్లు ‘నేను’ తక్కువగా, ప్రతికూల భావాల పదాలు ఎక్కువగా వాడారు. మొత్తం మీద 61 శాతం సరిగా గుర్తించగలిగారు. మామూలు మనుషులు ఏ సాధనమూ లేకుండా గుర్తించేది సగటున 54 శాతం అని బాండ్, డిపాలో 2006లో తేల్చారు. నాణెం ఎగరేసినా యాభై వస్తుంది. వందలో 39 సార్లు తప్పే కొలబద్దను ఒక మనిషి మీద ప్రయోగించడం నాకు భయం కలిగిస్తోంది.

ఇంగ్లీషులో పుట్టిన ఈ లెక్కలను తెలుగుకు తెచ్చేవాళ్లు మన క్రియను ఒకసారి చూడాలి. తీసుకున్నాను, తీసుకున్నావు, తీసుకున్నాడు అన్నప్పుడు చేసినవాడెవరో చివరి అక్షరమే చెబుతుంది. ఖండనకు వచ్చేసరికి నేను తీసుకోలేదు, నువ్వు తీసుకోలేదు, వాళ్లు తీసుకోలేదు, అన్నింటికీ ఒకే రూపం. పైగా ‘నేను’ అనకుండానే “తీసుకోలేదు” అనడం మనకు పూర్తిగా సహజం. ఇంగ్లీషు సూత్రం పట్టుకుంటే “తీసుకోలేదండీ” అన్న ప్రతి గుమాస్తా దొంగే అవుతాడు. మన భాషలో గమనించదగింది వేరే ఉంది. ‘తీసుకోలేదు’ బదులు ‘తీసుకోను’ అంటే జరిగిన సంగతి కాస్తా అలవాటు సంగతి అవుతుంది. అక్కడ నేనైతే రెండో ప్రశ్న వేస్తాను: మీ అలవాటు సరే, ఆ రోజు?

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, సమ్మతి లేకుండా పాలిగ్రాఫ్, నార్కో పరీక్షలు, మెదడు తరంగాల పరీక్షలు జరపడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. మాటల విశ్లేషణకు ఎవరి సమ్మతీ అక్కరలేదు, ఒక వీడియో చాలు. ఇక కోర్టులో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313వ సెక్షన్ కింద నిందితుడిని ప్రశ్నించినప్పుడు రికార్డుకు ఎక్కేది చాలాసార్లు “అబద్ధం”, “తెలియదు” అన్న ఒకటి రెండు ముక్కలే. అవి కూడా తరచూ ఇంగ్లీషులో టైపు అవుతాయి. అతను తెలుగులో అన్నది ‘నాకేమీ తెలియదండీ’యో, ‘నేనెందుకు తీసుకుంటానండీ’యో ఆ కాగితం చెప్పదు.