ఎర్ర చుక్కల రుమాలు, ఇంకొన్ని అపోహలు: యుద్ధకాలపు ఫ్యాక్టరీ సినిమాల గురించి

సినిమాల్లో కాస్ట్యూమ్స్ పని నాది. పాతకాలం కథ, అందులో పనిచేసే ఆడపిల్ల అనగానే డైరెక్షన్ టీమ్ నుంచి నా ఫోనుకి ఒకే ఫొటో వస్తుంది. ఎర్ర చుక్కల రుమాలు తలకి కట్టుకుని, నీలం చొక్కా చెయ్యి పైకి మడిచి, కండ చూపించే అమ్మాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీలు నడిపిన ఆడవాళ్లంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఆ పోస్టర్ బొమ్మే. కానీ యుద్ధం నడుస్తుండగానే ఆ ఫ్యాక్టరీల్లోకి కెమెరా తీసుకెళ్లి తీసిన సినిమాలున్నాయి. బట్టలూ జుట్టూ చూసుకోవడానికి వాటిని ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ చూసేదాన్ని. అలా చూస్తున్నప్పుడు వీగిపోయిన నమ్మకాలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: యుద్ధకాలపు ఫ్యాక్టరీ ఆడవాళ్లకి ప్రతీకగా చెప్పే "రోజీ" ఆ పోస్టర్‌లో ఉన్నమ్మాయే. ఆమెని చూసే అమెరికా ఆడవాళ్లు ఫ్యాక్టరీలకు కదిలారు.

ఆ పోస్టర్ జె. హోవార్డ్ మిల్లర్ అనే ఆర్టిస్టు వెస్టింగ్‌హౌస్ కంపెనీకి వేసిచ్చింది. 1943 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఫ్యాక్టరీల లోపలి గోడల మీద రెండు వారాలుంది, తర్వాత తీసేశారు. చూసినవాళ్లు అప్పటికే అక్కడ పనిలో ఉన్నవాళ్లు. కొత్తవాళ్లని పిలవడానికి వేసింది కాదది. రోజీ అన్న పేరు 1942 నాటి ఒక పాట నుంచి వచ్చింది. అప్పటి జనానికి తెలిసిన రోజీ బొమ్మ నార్మన్ రాక్‌వెల్‌ది, 1943 మే 29 నాటి 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్' ముఖచిత్రం. ఒళ్లో రివెట్ గన్, చేతిలో శాండ్‌విచ్, నుదుటి మీదికి తోసేసిన కళ్లద్దాలు, కాలి కింద హిట్లర్ పుస్తకం, పహిల్వాన్ లాంటి చేతులు. అన్నం టైము దొరికింది కదాని కూర్చున్న మనిషిలా ఉంటుంది. నన్నడిగితే రిఫరెన్సుగా పంపాల్సింది దీన్ని. మిల్లర్ పోస్టర్ 1980లలో గానీ జనం నోళ్లలో పడలేదు.

అపోహ: అందరూ దేశభక్తితో తమంతట తామే పరుగెత్తుకొచ్చారు.

బ్రిటన్‌లో 1941 డిసెంబరులో చట్టమే చేశారు. 20 నుంచి 30 ఏళ్ల మధ్య పెళ్లికాని ఆడవాళ్లని యుద్ధ సేవకి పిలిచే హక్కు ప్రభుత్వానికి వచ్చింది. ఈ సంగతిని దాచకుండా చూపించిన సినిమా 'మిలియన్స్ లైక్ అస్'. 1943లో ఫ్రాంక్ లాండర్, సిడ్నీ గిలియట్ కలిసి రాసి తీశారు. ప్యాట్రీషియా రాక్ వేసిన సీలియా పాత్రకి పిలుపు వస్తుంది. ఆమె మనసంతా యూనిఫాం మీద. వైమానిక దళంలో ఉన్నట్టు, నర్సయినట్టు, చుట్టూ అందమైన ఆఫీసర్లున్నట్టు పగటికలలు కంటుంది. తీరా ఆఫీసులో ఆమెకి దక్కింది విమాన భాగాలు చేసే ఫ్యాక్టరీ. మొహం వాడిపోతుంది. దేశమంతటికీ చూపించడానికి ప్రభుత్వ ప్రోత్సాహంతో తీసిన సినిమాలో హీరోయిన్‌కి ఆ ఉద్యోగమే ఇష్టం లేదు! ఆ ఒక్క సీనుకే ఈ సినిమా అంటే నాకు గౌరవం.

జపాన్ దారి వేరు. ఆడపిల్లల "స్వచ్ఛంద" దళాలన్నారు, 1944 ఆగస్టుకల్లా దాన్నే తప్పనిసరి చేశారు.

అపోహ: ప్రచార సినిమాలు కదా, అందులో నిజం ఏముంటుంది?

మాటలు వింటే ఏమీ ఉండదు, ఒప్పుకుంటాను. చేతులు చూడండి. జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1944లో తీసిన 'ఇచిబాన్ ఉత్సుకుషికు'లో కథ సైన్యానికి లెన్సులు చేసే ఫ్యాక్టరీది. హీరోయిన్లని హిరాత్సుకలో ఉన్న నిప్పన్ కొగాకు ఫ్యాక్టరీ హాస్టల్లో దింపాడు. తర్వాత నికాన్ పేరుతో మనందరికీ తెలిసిన కంపెనీయే అది. మేకప్ తీయించాడు, పరుగులు పెట్టించాడు, వాలీబాల్ ఆడించాడు, వాద్య బృందం కట్టించి వీధుల్లో నడిపించాడు. సినిమా నటి వాసన పోవాలని ఆయన పట్టుదల. నటీమణుల తరఫున వచ్చి ఆయనతో పోట్లాడిన అమ్మాయి యోకో యాగుచి. 1945లో ఆయన ఆమెనే పెళ్లి చేసుకున్నాడు.

కథలో ఫ్యాక్టరీ మగవాళ్ల ఉత్పత్తి కోటా, అంటే తయారుచేయాల్సిన లెక్క, నూరు శాతం పెంచి, ఆడవాళ్లకి యాభై శాతమే పెంచుతుంది. అమ్మాయిలు అలుగుతారు, మగవాళ్లకి పెంచినదాంట్లో మూడింట రెండొంతులైనా మాకూ పెంచమని. వింటే ఒళ్లు మండుతుంది, నాకూ మండింది. కానీ యాగుచి వేసిన వతనబె పాత్ర, సరిచూడని లెన్సు ఒకటి పూర్తయినవాటిలో కలిసిపోయిందని తెలిసి, రాత్రంతా కూర్చుని ఒక్కో లెన్సునీ మైక్రోస్కోపు కింద పెట్టి వెతికే సీను ఉంది. నిద్ర ఆపుకోవడానికి పాట పాడుకుంటుంది. వంగిన వీపు, బిగిసిన భుజాలు, కన్ను తీసి మళ్లీ పెట్టే తీరు. రోజుల తరబడి ఆ పని చేసిన ఒంటికే వచ్చే విద్య అది, యాక్టింగ్ క్లాసు నేర్పేది కాదు. చివర్లో తల్లి పోయిన కబురొచ్చినా ఇంటికెళ్లకుండా బెంచీ దగ్గరే ఏడుస్తూ పనిచేస్తుంది. దర్శకుడు దాన్ని త్యాగంగా చూపించాలనుకున్నాడేమో, ఇప్పుడు చూస్తే ఆ పిల్లకి జరిగిన అన్యాయమే కనిపిస్తుంది.

అపోహ: రుమాలు, ఓవరాల్స్, ఎర్ర లిప్‌స్టిక్ ఉంటే గెటప్ అయిపోయినట్టే.

ఇది నా డిపార్ట్‌మెంటు కాబట్టి కాస్త సాగదీస్తాను. తల మీద గుడ్డ ముస్తాబుకి వచ్చింది కాదు. తిరిగే డ్రిల్లు జుట్టుని లాగేసుకుంటే నెత్తి చర్మంతో సహా ఊడొస్తుంది. అందుకే ముందు జుట్టు కూడా లోపలికి పోవాలి. మన ఆర్టిస్టులు నుదుటి మీద రెండు పాయలు వదలమని బతిమాలతారు చూడండి, ప్రాణం మీదికి తెచ్చేవి ఆ రెండు పాయలే. హాలీవుడ్ తార వెరోనికా లేక్‌కి ఒక కన్ను మీద పడే జుట్టే ట్రేడ్ మార్క్. దాన్ని చూసి ఫ్యాక్టరీ అమ్మాయిలు కూడా అలాగే వదులుతున్నారని, 1943లో ప్రభుత్వం కోరితే ఆమె జుట్టు పైకి కట్టేసింది. ఆమె జుట్టే డ్రిల్ మిషన్‌లో చిక్కుకున్నట్టు ఫొటో తీసి హెచ్చరికగా వాడారు.

ఏ ఫ్యాక్టరీ అన్నదాన్ని బట్టి బట్టలు మారతాయి. మందుగుండు దగ్గర లోహం ముక్క కూడా ఉండకూడదు. పిన్నీసు, ఉంగరం, తలపిన్ను అన్నీ గేటు దగ్గరే తీసేయాలి, ఒళ్లు తడిమి మరీ పంపేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం నింపిన బ్రిటన్ ఆడవాళ్ల చర్మం పసుపు రంగుకి మారేది. వాళ్లని కెనరీ పిట్టలని పిలిచేవారు. అది విషం ఒంటికెక్కిన గుర్తు, కొందరు దాంతోనే పోయారు. జపాన్ అమ్మాయిలకైతే ఓవరాల్స్ బదులు వదులు మోంపె పైజామాలు, నుదుటికి గుడ్డ పట్టీ. బ్రిటన్‌లో 1941 జూన్ నుంచి బట్టలకి రేషన్ కూపన్లు. సీలియా లాంటి అమ్మాయికి సీనుకో కొత్త గౌను వేశామంటే ఆ కాలం తెలియదని మనమే చాటుకున్నట్టు.

అపోహ: అంతకుముందు ఆడవాళ్లు ఇల్లు దాటలేదు.

డబ్బున్నవాళ్లు దాటలేదేమో. మిగతావాళ్లు పరాయి ఇళ్లలో పనులు చేశారు, లాండ్రీల్లో, బట్టల మిల్లుల్లో పనిచేశారు. చాలామందికి యుద్ధం తెచ్చింది మొదటి ఉద్యోగం కాదు, మెరుగైన జీతం. జీతం పెరిగింది గానీ మగవాళ్లతో సమానం కాలేదు. గ్లాస్గో దగ్గర హిల్లింగ్టన్‌లోని రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీలో 1943లో ఆడవాళ్లు జీతాల కోసం సమ్మెకి దిగారు. 'మిలియన్స్ లైక్ అస్' వచ్చిందీ ఆ ఏడాదే.

అపోహ: యుద్ధం అయిపోగానే సంతోషంగా వంటింటికి వెళ్లిపోయారు.

అమెరికా కార్మిక శాఖ మహిళా విభాగం అప్పట్లోనే అడిగి చూసింది. నూటికి డెబ్భై అయిదుగురు దాకా పని మానం అన్నారు. తిరిగొచ్చిన సైనికుల కోసం చాలామందిని తీసేశారు. యుద్ధం తర్వాత ఏమవుతుందన్న అనుమానాన్ని 'మిలియన్స్ లైక్ అస్'లో ఫోర్‌మన్ చార్లీ ముందే బయటపెడతాడు. పెద్దింటి అమ్మాయి జెన్నిఫర్ అతన్ని ఇష్టపడుతుంది. ఇప్పుడంటే అందరం కలిసి పనిచేస్తున్నాం, యుద్ధం అయ్యాక ఇలాగే ఉంటామో పాత బతుకులకే పోతామో తేలాక పెళ్లి సంగతి చూద్దాం అంటాడు. సినిమా వాళ్లిద్దరికీ ముడిపెట్టకుండానే వదిలేసింది.

అపోహ: ఇదంతా వాళ్ల గొడవ, మన దేశానికి సంబంధం లేదు.

బొగ్గు గనుల్లో భూమి లోపల ఆడవాళ్లు పనిచేయకూడదని మన దగ్గర 1937 నాటికి నిషేధం అమల్లోకి వచ్చింది. యుద్ధానికి బొగ్గు చాలక 1943లో దాన్ని ఎత్తేశారు. బెంగాల్, బిహార్ గనుల్లోకి ఆడకూలీలు మళ్లీ దిగారు. 1946లో తిరిగి నిషేధించారు. రుమాలూ ఓవరాల్సూ ఇచ్చినవాళ్లు లేరు, కట్టుకున్న చీరతోనే తట్టలు మోశారు. దీని మీద ఎవరైనా సినిమా తీస్తే బట్టల పని నాకే ఇవ్వండి, పారితోషికం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.