బడి చాపెల్‌లో పేర్ల గోడ: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత రాతి కట్టడాలకు మరమ్మతు చేయడం నా పని. ఎక్కువగా బడుల్లోనే ఉంటాను. యుద్ధంలో పోయిన పూర్వ విద్యార్థుల కోసం కట్టిన చాపెళ్లు (బడిలోనే ఉండే ప్రార్థన మందిరాలు), పేర్లు చెక్కిన గోడలు చూసుకుంటాను. ఆ మాట చెప్పగానే మా పెద్దమ్మ ఫోన్లో అడిగింది: "సమాధుల మధ్య పనేంట్రా, భయం వెయ్యదూ?"

అపోహ: ఆ గోడల కింద శవాలుంటాయి.

ఉండవు పెద్దమ్మా. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 నుంచి మృతదేహాలను ఇంటికి తెచ్చుకోవడానికి బ్రిటన్ ఒప్పుకోలేదు. ఫ్రాన్స్‌లో పోయినవాణ్ని అక్కడే పూడ్చారు. చాలామందిని ఎక్కడ పూడ్చారో కూడా తెలియదు. కన్నవాళ్లకు ఓ పువ్వు పెట్టుకోవడానికి చోటు కావాలిగా, బడిగోడ మీది పేరే ఆ చోటు అయింది. ఇంగ్లండ్‌లో సర్రే అనే ప్రాంతంలోని చార్టర్‌హౌస్ బడి చాపెల్‌కు 1927లో ప్రారంభోత్సవం జరిగింది. ఆ యుద్ధంలో పోయిన ఆ బడి పిల్లలు దాదాపు 700 మంది. ఒక్క బడికే! ఇలాంటి బడుల్లో చదివినవాళ్లు నేరుగా చిన్న ఆఫీసర్లుగా వెళ్లేవారు. దాడి మొదలైతే కందకంలోంచి ముందు లేవాల్సింది వాళ్లే. చాపెల్ డిజైన్ చేసింది గైల్స్ గిల్బర్ట్ స్కాట్. లండన్‌లో అందరూ పక్కన నిలబడి ఫొటో దిగే ఎర్ర టెలిఫోన్ బూత్ కూడా ఆయనదే.

అపోహ: స్మారకం అంటే ఏడాదికోసారి తలుపు తీసే చోటు.

వించెస్టర్ బడిలో 1924లో హెర్బర్ట్ బేకర్ కట్టింది చాపెల్ కాదు, మధ్యలో ఆరుబయలు, దాని చుట్టూ వసారా ఉన్న కట్టడం. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్లవి దాదాపు 500 పేర్లున్నాయి. పిల్లలు క్లాసులకు పోయే దారిలోనే పెట్టారు. ఢిల్లీ సెక్రటేరియట్ భవనాలు కూడా బేకర్‌వే. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్‌లో భారత సైనికుల స్మారకం కూడా ఆయనే డిజైన్ చేశాడు.

అపోహ: సర్కారు ఇచ్చిన జాబితాను చెక్కారు కాబట్టి తప్పులుండవు.

నా పనిలో సగం టెన్షన్ ఇక్కడే. ఈ కట్టడాలకు డబ్బు చందాల రూపంలో వచ్చింది, జాబితాను బడివాళ్లే తయారుచేసుకున్నారు. పాత రిజిస్టర్లు తిరగేసి, ఇళ్లకు ఉత్తరాలు రాసి పేర్లు పోగేశారు. ఇల్లు మారిన కుటుంబానికి ఉత్తరం చేరకపోతే ఆ పేరు రానట్టే. జాబితాలో ఉన్నవాళ్లంతా తూటాకే పోలేదు కూడా. జ్వరాలకు, 1918 ఫ్లూకు, విమాన శిక్షణలో ప్రమాదాలకు పోయినవాళ్లూ ఉన్నారు.

ఒక బడిలో పేర్లన్నీ అక్షరక్రమంలో సాగి 'వై' దగ్గర ముగిశాయి. దాని కింద మళ్లీ 'హెచ్'తో ఒక పేరు. టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వేశాను. అలా వేస్తే ఉలి గాడి లోతు నీడలో తెలుస్తుంది. పై పేర్ల గాళ్లు లోతుగా, పదునుగా ఉన్నాయి. ఈ పేరుది తేలిక చెయ్యి, రాయి కూడా అక్కడ కాస్త తెల్లగా ఉంది. తర్వాతెప్పుడో వేరే మనిషి చెక్కాడు. "తీసేసి వరుసలో పెట్టేద్దాం" అన్నాడు కాంట్రాక్టర్. నేను ఒప్పుకోలేదు. ఎవరో అడిగితేనే కదా ఆ పేరు అక్కడికి చేరింది.

అపోహ: '1914-1919' అని ఉంటే చెక్కినవాడి పొరపాటు.

కాదు. 1918 నవంబర్ 11న ఆగింది కాల్పులే. జర్మనీతో యుద్ధాన్ని అధికారికంగా ముగించిన వెర్సాయ్ సంధి మీద సంతకాలు 1919 జూన్‌లో జరిగాయి.

అపోహ: శత్రువు పేరు చచ్చినా చెక్కరు.

ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజ్ చాపెల్‌కు వెళ్లి చూడండి. అది బడి కాదు, కాలేజీ. అక్కడ చదువుకుని, జర్మనీ తరఫున పోరాడి చనిపోయిన ముగ్గురికి అక్కడే ఒక ఫలకం ఉంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

అపోహ: గౌరవమంటే తళతళా తోమి ఉంచడం.

వైరు బ్రష్, ప్రెషర్ వాషర్, బ్లీచింగ్ పొడి, ఇత్తడి పాలిష్: ఈ నాలుగూ దగ్గరికి రానివ్వకండి. రాతికి మెత్తని బ్రష్, మంచినీళ్లు చాలు. కంచుకు పల్చని మైనం పూత, అదీ తెలిసినవాళ్ల చేత. కంచు నల్లబడటం మురికి కాదు, లోపలి లోహానికి అదే కాపు. ఒకచోట నవంబర్‌లో జరిగే సంస్మరణ సభకు ముందు కంచు ఫలకాన్ని ఎవరో మంచి మనసుతోనే పాలిష్ పెట్టి రుద్దారు. అక్షరాల అంచులు అరిగిపోయాయి, గాళ్లలో పాలిష్ తెల్లగా గడ్డకట్టింది. వెదురు పుల్ల చెక్కుకుని ఒక్కో అక్షరం గీకుతూ రెండు రోజులు కూర్చున్నాను. చివరి వరుసలో ఒక 'ఓ' లోపల ఇంకా కాస్త మిగిలే ఉంది. గట్టిగా గీకితే కంచే పోతుందని వదిలేశాను.