స్కానింగ్ నార్మల్, మరి ఈ మతిమరుపు ఎక్కడిది?

"కోవిడ్ తగ్గి ఏడాది దాటింది. డ్రిప్ లెక్క ఇప్పటికీ మధ్యలో మరచిపోతున్నాను. ఎంఆర్ఐ నార్మల్ అన్నారు. ఇదంతా నా టెన్షనేనా?" అని ఒక స్టాఫ్ నర్సు అడిగారు. అంతా టెన్షన్ మీదికి నెట్టేయడం తప్పని నా నమ్మకం.

ముందు ఆ లెక్క చూద్దాం. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్. మొత్తం 10,000 చుక్కలు. 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 42. అనుభవమున్న నర్సుకు ఇది నోటిలెక్క. కానీ ఆ 10,000ను మనసులో పట్టుకుని ఉండగా పక్క బెడ్ నుంచి పిలుపొస్తుంది. పలికి ఇటు తిరిగేసరికి అంకె మాయం. సూత్రం మాత్రం నిక్షేపంగా గుర్తుంటుంది. కోవిడ్ తర్వాత వచ్చే బ్రెయిన్ ఫాగ్ (మెదడుకు మంచు పట్టినట్టుండడం) అంటే చాలామందిలో ఇదే.

వైరస్ మెదడులోకి దూరి న్యూరాన్లను తినేసిందేమోనని భయపడతారు. అసలు దూరనక్కర్లేదు! స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజే బృందం 2022లో ప్రచురించిన ప్రయోగంలో ఎలుకలకు శ్వాసమార్గానికే పరిమితమైన తేలికపాటి కోవిడ్ ఇన్‌ఫెక్షన్ కలిగించారు. మెదడులో వైరస్ దొరకలేదు. అయినా మెదడు చుట్టూ ఉండే ద్రవంలో సీసీఎల్11 అనే సంకేత రసాయనం పెరిగింది, మైక్రోగ్లియా అనే రక్షక కణాలు రెచ్చిపోయాయి, మెదడు లోపలి తెల్ల పదార్థంలో ఆలిగోడెండ్రోసైట్లు మూడోవంతు దాకా తగ్గాయి. ఏడు వారాలైనా ఆ లోటు పూడలేదు.

నరాల తీగలకు మైలిన్ తొడుగు వేసేవి ఈ ఆలిగోడెండ్రోసైట్లే. బడిలో న్యూరాన్ బొమ్మకు రంగులేయించి, మైలిన్‌ను ఒక బాణం గుర్తుతో సరిపెట్టేస్తారు. నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది, ఎందుకంటే అసలు అందమంతా అక్కడే ఉంది. తొడుగు లేని తీగలో సంకేతం ప్రతి స్టేషన్లో ఆగే ప్యాసింజర్ బండి. అడుగడుగునా సోడియం ద్వారాలు తెరుచుకుని సంకేతం మళ్లీ పుట్టాలి. వేగం సెకనుకు సుమారు ఒక మీటరు. తొడుగున్న తీగలో ఆ ద్వారాలు రాన్వియర్ కణుపుల (తొడుగులో మధ్యమధ్య ఉండే ఖాళీల) దగ్గరే గుమిగూడి ఉంటాయి. సంకేతం ఎక్స్‌ప్రెస్‌లా కణుపు నుంచి కణుపుకు దూకుతుంది. లావుపాటి నరాల్లో సెకనుకు 100 మీటర్ల దాకా పోతుంది. తొడుగు ఊడితే కణుపుల నడుమ విద్యుత్తు కారిపోతుంది, అక్కడ ఆదుకోవడానికి ద్వారాలూ చాలవు. ఎక్స్‌ప్రెస్ నెమ్మదిస్తుంది, ఒక్కోసారి దారిలోనే నిలిచిపోతుంది.

జంక్షన్లో చిక్కు ఇంకా పెద్దది. ఒక న్యూరాన్ స్పందించాలంటే చాలాసార్లు వేర్వేరు దిక్కుల సంకేతాలు కొన్ని మిల్లీసెకన్ల తేడాలోనే వచ్చి చేరాలి. ఒక బండి లేటైతే కనెక్షన్ తప్పుతుంది. పట్టాలూ బోగీలూ ఉన్నా టైంటేబుల్ చెడుతుంది. మామూలు ఎంఆర్ఐ పట్టాలనే చూపిస్తుంది.

ఎలుకలో జరిగిందంతా మనిషిలో అలాగే జరుగుతుందని కాదు. మనుషుల సంగతికి వస్తే, లక్షలమంది ఆరోగ్య వివరాలు భద్రపరిచే యూకే బయోబ్యాంక్‌లో కోవిడ్ సోకిన 401 మందికి వ్యాధికి ముందూ తర్వాతా తీసిన స్కాన్లు ఉన్నాయి. ఎక్కువమంది ఆసుపత్రిలో చేరనివాళ్లే. సోకనివారితో పోలిస్తే వీళ్లలో వాసనకు సంబంధించిన ప్రాంతాల్లో గ్రే మ్యాటర్ (న్యూరాన్ల కణదేహాలుండే బూడిదరంగు భాగం) మందం వంటి కొలతలు 0.2 నుంచి 2 శాతం దాకా అదనంగా మారాయి. ఒక్కరి స్కాన్‌లో ఇంత చిన్న తేడా రేడియాలజిస్టు కంటికి ఆనదు.

ఆసుపత్రి సిబ్బందికి ఈ అనుభవం కొత్త కాదు. 1955లో లండన్ రాయల్ ఫ్రీ హాస్పిటల్లో 292 మంది సిబ్బంది నీరసం, కండరాల నొప్పులు, నరాల లక్షణాలతో జబ్బుపడ్డారు. ఆసుపత్రినే కొన్నాళ్లు మూసేశారు. కారణమైన క్రిమి దొరకలేదు. 1970లో ఇద్దరు సైకియాట్రిస్టులు ఆ రోగులను పరీక్షించకుండానే, పాత రికార్డులు చూసి, అది మూకుమ్మడి హిస్టీరియా అని రాశారు. ఎక్కువగా ఆడవాళ్లకే రావడం వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి! ఆ మాట ఎందరో నర్సుల నోరు నొక్కింది.

అడిగిన నర్సుగారికి: థైరాయిడ్, బి12, నిద్ర ముందు చూపించుకోండి. పడుకుని లేచి నిలబడ్డాక 10 నిమిషాలు నాడి లెక్కించమనండి. బీపీ పడిపోకుండా గుండె వేగం నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి అలాగే ఉంటే అది కూడా డాక్టరు పట్టించుకోవలసిన సంగతే. శ్రమపడిన మర్నాడో ఆ మర్నాడో కూలబడిపోతుంటే బలవంతపు వ్యాయామం మొదలుపెట్టకండి. నైట్ డ్యూటీల తేదీలు, కూలబడిన తేదీలు పక్కపక్కన రాసి డాక్టరుకు చూపించండి. ఈలోగా డ్రిప్ లెక్క కాగితం మీద వేసి, రెండో నర్సుతో సరిచూపించండి.