మానిటరింగ్ సాఫ్ట్‌వేర్: డెల్టాలో వినబడే అపోహలు, వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు రైసు మిల్లులకూ రొయ్యల ఎగుమతి యూనిట్లకూ సర్వర్లు చూసే అడ్మినిస్ట్రేటర్ల నోట తరచుగా వినే మాటలు కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను. సర్వర్లు, నెట్‌వర్కు పరికరాలు ఎలా నడుస్తున్నాయో కొలిచి చూపే సాఫ్ట్‌వేర్ గురించిన మాటలివి. ఉదాహరణలకు అలాంటి సాఫ్ట్‌వేర్‌లైన జాబిక్స్, ప్రొమీథియస్‌లను తీసుకున్నాను.

అపోహ: ఏజెంటు (సర్వరులో ఉండి కొలతలు అందించే చిన్న ప్రోగ్రాము) ఇన్‌స్టాల్ అయి డాష్‌బోర్డు (కొలతలు చూపే తెర) పచ్చగా ఉంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: యంత్రం పలుకుతోందని మాత్రమే దాని అర్థం. కాటా దగ్గర గుమాస్తా బటన్ నొక్కిన తరువాత బిల్లు ఎన్ని సెకన్లకు వస్తోందో కూడా కొలవాలి.

అపోహ: ర్యామ్ 90 శాతం నిండితే ప్రమాదమే.

వాస్తవం: లినక్స్ ఖాళీ మెమరీని ఊరకే ఉంచదు, చదివిన ఫైళ్లను అందులో దాచుకొని, ప్రోగ్రాములు అడిగినప్పుడు చోటు ఖాళీ చేస్తుంది. అందుచేత ‘ఫ్రీ’ అంకెను కాక ‘అవైలబుల్’ అంకెనూ, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడే చోటు) కదలికనూ చూడాలి. లోడ్ యావరేజి (నడుస్తున్న, వరుసలో ఉన్న ప్రాసెస్‌ల సగటు సంఖ్య) కూడా ఇలాంటిదే: డిస్కు కోసం ఆగి ఉన్న ప్రాసెస్‌లనూ లినక్స్ అందులో కలుపుతుంది కనుక, అది పెరిగినంత మాత్రాన కొత్త ప్రాసెసర్ కొనిపించడం యజమాని డబ్బు వృథా చేయించడమే.

అపోహ: శాఖ ఇంటర్నెట్ లైను తెగితే ఆ సమయపు గ్రాఫు పోయినట్టే.

వాస్తవం: తుపాన్ల కాలంలో కేబుళ్లు తెగడం, కరెంటు పోవడం మనకు కొత్త కాదు. శాఖలో యూపీఎస్ మీద ఒక చిన్న యంత్రం ఉంచి, అందులో జాబిక్స్ ప్రాక్సీ (ప్రధాన సర్వరు తరఫున కొలతలు సేకరించే ప్రోగ్రాము) నడిపితే, అది లైను లేనంతసేపూ కొలతలను తన దగ్గరే భద్రపరచి, లైను వచ్చాక ప్రధాన సర్వరుకు పంపుతుంది. అయితే ఆఫ్‌లైన్ బఫర్, అంటే అలా భద్రపరచే వ్యవధి, డిఫాల్టుగా ఒక్క గంటకే ఉంటుంది. దానిని 720 గంటల వరకూ పెంచుకోవచ్చు, మన ప్రాంతంలో పెంచి తీరాలి. ప్రొమీథియస్ కొలతలను తానే వెళ్లి తెచ్చుకుంటుంది కనుక, లైను లేనప్పుడు తేలేనివి మళ్లీ రావు. శాఖలోనే మరొక ప్రొమీథియస్ పెట్టుకోవడం మేలు.

ఇక్కడ మరొక మెలిక ఉంది. ప్రాక్సీ కొలతలు సేకరిస్తుందే గాని హెచ్చరిక పంపదు. ఆ నిర్ణయం ప్రధాన సర్వరుదే. ఆ సర్వరుకు వెలుపలికి వెళ్లే దారి కూడా ఒక్క ఇంటర్నెట్ లైనే అయితే, ఆ లైను పోయిందన్న సందేశం ఆ లైను మీదనే రావాలి! సిమ్ వేసిన జీఎస్ఎం మోడెమ్ ద్వారా ఎస్సెమ్మెస్ పంపే ఏర్పాటు జాబిక్స్‌లో ఉంది. శాఖ రౌటరు మీద ఆధారపడిన పరికరాలకు ట్రిగ్గర్ డిపెండెన్సీ (రౌటరు పోతే దాని వెనుకవాటి హెచ్చరికలను ఆపే ఏర్పాటు) కూడా పెడితే, ఒక్క తెగుడుకు అక్కడి ప్రతి కెమెరా పేరునా సందేశం రాదు.

అపోహ: నెట్‌వర్కు స్విచ్చి ట్రాఫిక్ గ్రాఫు ఎప్పుడూ నిజమే చెబుతుంది.

వాస్తవం: దాటిన బైట్లను స్విచ్చిలో లెక్కపెట్టే 32 బిట్ల కౌంటరు, గిగాబిట్ లింకు పూర్తి వేగంతో నడిస్తే, సుమారు 34 సెకన్లలో నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నిమిషానికొకసారి చదివేవారికి తప్పు అంకె వస్తుంది. 64 బిట్ల కౌంటర్లు వాడాలి. వాటికి ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్కు పరికరాల నుంచి కొలతలు చదివే ప్రోటోకాల్) రెండవ లేదా మూడవ వెర్షన్ కావాలి.

అపోహ: పాత డేటా డిస్కుకు బరువు, డిఫాల్టుగా ఉంచే రోజులే చాలు.

వాస్తవం: ప్రొమీథియస్ డిఫాల్టుగా 15 రోజుల డేటానే ఉంచుతుంది. మిల్లు సర్వరు మీద భారం సార్వా, దాళ్వా కోతల తరువాత పెరుగుతుంది కాబట్టి, ఈ దాళ్వాను నిరుటి దాళ్వాతో పోల్చాలంటే కనీసం 13 నెలల డేటా నిలిచేలా సెట్ చేసుకోవాలి.