మా నాయన అంగట్లో తెలిసినవి: క్షౌరవృత్తి గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతి కొర్లగుంటలో మా నాయన నలభై ఏళ్ళు సెలూన్ నడిపాడు. ఇప్పుడు ఆ కుర్చీ వెనక నేను నిలబడుతున్నాను. ఈ అంగట్లో రోజూ వినే మాటల్లో కొన్ని జనానికి నిజంగా చెడు చేస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పసిబిడ్డకు రెండు మూడుసార్లు గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది.

కొండ మీద పుట్టెంట్రుకలు తీయించుకొచ్చిన నెలకే "ఇంకో గుండు కొట్టు సామీ, బిడ్డకు పల్చగా ఉంది" అంటూ తల్లులు వస్తారు. వెంట్రుకల కుదుళ్ళు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి. కత్తి చర్మం పైనే తిరుగుతుంది, కుదురు దాకా పోదు. లేత వెంట్రుక కొన సన్నగా ఉంటుంది, కోసిన వెంట్రుక కొన మొద్దుగా ఉంటుంది. అందుకే గుండు తర్వాత చేతికి గరుకుగా తగిలి, ఒత్తుగా వచ్చినట్టు అనిపిస్తుంది. మొక్కు ఉంటే తీర్చుకోండి, అది స్వామికి ఇచ్చేది. జుట్టు కోసమైతే బిడ్డను ఏడిపించొద్దు.

అపోహ: పేనుకొరుకుడు పురుగు వల్ల వస్తుంది, గీరి మందు రాస్తే పోతుంది.

నేను అంగట్లో పని నేర్చుకుంటున్న రోజుల్లో పదో తరగతి పిల్లవాడిని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. తల వెనక రూపాయి బిళ్ళంత చోటు నున్నగా ఉంది. చెంగులో గురివింద గింజలు కట్టుకొచ్చి, "బ్లేడుతో గీరన్నా, ఇవి అరగదీసి రాస్తా" అంది. నాయన కత్తి మడిచి పక్కన పెట్టేశాడు. "గురివింద విషం తల్లీ, గీరిన చర్మానికి తగలకూడదు" అని చెప్పి, అంగడి మూసి, పిల్లవాడిని తనే రుయా ఆసుపత్రిలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

పేనుకొరుకుడును ఏ పురుగూ తేదు. మన ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరబడి కుదుళ్ళ మీద పడుతుంది. ఇది అంటుకోదు. చాలామందికి జుట్టు మళ్ళీ వస్తుంది. ఆ పిల్లవాడు బడిలో సిగ్గుపడకుండా ఉండాలని పైజుట్టు పొడుగ్గా వదిలి మచ్చ కనబడకుండా దువ్వేవాడు నాయన. కొన్ని నెలలకు అక్కడ తెల్లటి నూగు వచ్చింది. "ముసలోడినైపోతున్నానా?" అని పిల్లవాడు ఏడ్చాడు. మొదట తెల్లగా వచ్చి తర్వాత నల్లబడుతుందని డాక్టరు చెప్పిన మాట నాయన మళ్ళీ చెప్పాడు. అలాగే నల్లబడింది. అన్నాళ్ళూ ఆ పిల్లవాడి దగ్గర ఒక్క పైసా తీసుకోలేదు.

మచ్చ మీద దురద, పొట్టు ఉంటే మాత్రం అది తామర కావచ్చు. అది అంటుకుంటుంది. దువ్వెన, తుండు ఎవరివి వాళ్ళకే ఉండాలి.

అపోహ: పటిక రుద్దితే బ్లేడు గురించి టెన్షన్ అక్కర్లేదు.

పటిక చిన్న గాటు నుంచి వచ్చే రక్తాన్ని ఆపుతుంది, అంతే. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ రక్తం ద్వారా అంటుకుంటుంది, ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. మీ కళ్ళముందే కొత్త బ్లేడు విరిచి కత్తిలో వేయమని అడగండి. అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటపడకండి.

అపోహ: కటింగ్ అయ్యాక మెడ పటుక్కుమనిపిస్తే నొప్పి పోతుంది.

వద్దు. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు మెడలోనే ఉన్నాయి. గబుక్కున తిప్పితే వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం దాకా పోవచ్చు. పాత గిరాకీలు బతిమాలినా నాయన ఈ పని చేయలేదు, నేనూ చేయను.

అపోహ: మంగళవారం మాకు విశ్రాంతి.

మంగళవారం అంగడికి సెలవు. నాయనకు మాత్రం ఆ రోజే ఎక్కువ పని. మంచం పట్టిన పెద్దవాళ్ళ ఇళ్ళకు పోయి ఊరికే గడ్డం చేసి వచ్చేవాడు. పడుకున్న మనిషికి గడ్డం చేయడం కష్టమైన పని. మెడ కింద తుండు మడిచి పెట్టాలి. ముసలి చర్మం వదులుగా, పల్చగా ఉంటుంది కాబట్టి ఎడమచేతి వేళ్ళతో మెల్లగా సాగదీసి పట్టి, వెంట్రుక వాలు వెంబడే లాగాలి. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవాళ్ళకు చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు. వాళ్ళకు కత్తి కాదు, ట్రిమ్మరే మంచిది.

అపోహ: ఊరికే చేసేవాడు ఇల్లు గడపలేడు.

ఈ మాట మా మేనమామే అన్నాడు. మా ఇంట్లో ముగ్గురం పిల్లలం, ముగ్గురం చదువుకున్నాం. అమ్మకు ఆపరేషన్ అయిన ఏడాది అక్కకు, చెల్లికి రోజూ రెండు జడలు వేసి, రిబ్బన్ కట్టి బడికి పంపింది నాయనే. పాపిడి గీత గీసినట్టు ఉండేదని చెల్లి ఇప్పటికీ చెబుతుంది. మిగిలించిన ఆస్తి పెద్దగా లేదు, నిజమే. కానీ అమ్మ ఆసుపత్రిలో ఉన్న పది రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నాయన గడ్డం చేసి వచ్చిన ఇళ్ళనుంచే మాకు క్యారియర్లు వచ్చాయి.

పోయిన ఏడాది నుంచి నాయనే మంచం మీద ఉన్నాడు. మంగళవారం మొదట ఆయనకే చేస్తాను. తుండు సరిగ్గా మడవకపోతే చేత్తో సర్దుకుంటాడు. తర్వాత సంచి తీసుకుని బయల్దేరతాను. అందులో ట్రిమ్మరు, కొత్త బ్లేడ్లు, పాత పేపర్లు, చేతి అద్దం ఉంటాయి. అద్దం ఉందా అని నాయన మంచం మీద నుంచే అడుగుతాడు.